అటక మీది ఆటల పెట్టె



పండుగకు ఇల్లు దులిపే రోజున అటక మీది సామానంతా కిందికి దిగుతుంది. పాడైన టేప్‌రికార్డర్, పనిచేయని స్టెబిలైజర్, పైమూత లేని వీసీఆర్, వాటన్నిటి అడుగున వైర్లు చుట్టుకుపోయిన ఒక వీడియో గేమ్ పెట్టె. అందులో రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, నాలుగైదు పసుపుపచ్చ క్యాసెట్లు. పాత సామాన్ల బండి వీధిలోకి రాగానే అన్నీ కలిపి తూకానికి వేసేస్తాం. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ ఆటల పెట్టె గురించి. బండికి వేసే ముందు దానిలో ఏమేం చూడాలి, సేకరించేవాళ్లు దానికి ఏ లెక్కన వెల కడతారు, మన దిక్కు ఇండ్లలో ఉన్నవాటికి ఆ లెక్క సరిపోతుందా అనేది చెప్తాను.

మాది కమ్మర్‌పల్లి. ఆర్మూరు నుంచి మెట్‌పల్లి పోయే దారిలో ఉంటుంది. బయటివాళ్లకు మా ఊరు పసుపుతోనూ, పసుపు పరిశోధన స్థానంతోనూ తెలుసు. ఊళ్లోవాళ్లను అడిగితే ఇంకో సంగతి కూడా చెప్తారు: గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ ఈ దిక్కున దొరకదు. వలస పోయేవాడికి మూడు దారులని తెలంగాణలో ఒక మాట ఉండేది. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. 1973లో చమురు ధరలు పెరిగి ఎడారి దేశాల్లో కట్టడాలు జోరందుకున్నాక మూడో దారి బాగా రద్దీ అయింది. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, నిర్మల్ పల్లెల నుంచి మేస్త్రీలు, డ్రైవర్లు, కూలీలు పోయారు. రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వచ్చేటప్పుడు తాడు బిగించిన పెద్ద పెద్ద అట్టపెట్టెలు తెచ్చేవారు. దుప్పట్లు, సెంటు సీసాలు, టార్చిలైట్లు, టూ ఇన్ వన్‌లు, ఇంకాస్త కలిగినవాళ్లయితే వీసీఆర్. పిల్లలున్న ఇంటికైతే టీవీ గేమ్.

మన పల్లెలకు వీడియో గేమ్ వచ్చిన దారుల్లో ఇదొకటి. దీన్ని గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో పాత ఆటలు సేకరించేవాళ్ల పుస్తకాల్లో ఈ దారి కనిపించదు. వాళ్ల లెక్కలో పిల్లవాడు నాన్నతో కలిసి దుకాణానికి పోతాడు, పెట్టె కొంటాడు, బిల్లు తీసుకుంటాడు. మన లెక్కలో నాన్న ఏ రియాద్‌లోనో ఉంటాడు, పెట్టె విమానంలో వస్తుంది, బిల్లు ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు.

ఆ గల్ఫ్ దేశాల్లో ఆ రోజుల్లో ఇంటి కంప్యూటర్ల కథ చాలా ఆసక్తికరంగా నడిచింది. 1983లో జపాన్‌లో ఎంఎస్‌ఎక్స్ అనే పద్ధతిని ప్రకటించారు. కజుహికో నిషి అనే ఆయన ముందుండి నడిపారు, మైక్రోసాఫ్ట్ పక్కన నిలబడింది. సోనీ, సాన్యో, యమహా, పానాసోనిక్‌లలో ఎవరు తయారుచేసినా ఒకరి మిషన్ మీద ఆడే ఆట ఇంకొకరి మిషన్ మీద కూడా ఆడాలన్నది దాని ఉద్దేశం. కువైట్‌లో మహమ్మద్ అల్ షారెఖ్ స్థాపించిన అల్ ఆలమియా సంస్థ ఆ ఎంఎస్‌ఎక్స్‌ను తీసుకుని, అరబ్బీ అక్షరాలు పెట్టి, సఖర్ అనే పేరుతో అమ్మింది. కీబోర్డు మీద అరబ్బీ, తెర మీద అరబ్బీ. చదువు కోసమని కొన్నా, పక్కన క్యాసెట్ పెట్టే అర ఉండేది కాబట్టి పిల్లలు అందులో ఆటలే ఆడేవారు. తరువాత వచ్చిన ఏఎక్స్-990 అనే సఖర్ రకంలో ఎంఎస్‌ఎక్స్ కంప్యూటర్, సెగా మెగా డ్రైవ్ ఆటల మిషన్ ఒకే పెట్టెలో ఉన్నాయి. అటువంటిది ఇప్పుడు దొరికితే సేకర్తలు వదిలిపెట్టరు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అక్కడున్న మనవాళ్లను, లక్షా డెబ్బై వేల మందిని, మన ప్రభుత్వం విమానాల్లో వెనక్కు తెచ్చింది. ఆ వచ్చినవాళ్లలో చాలామంది కట్టుబట్టలతో దిగారు. అల్ ఆలమియా కూడా కువైట్ వదిలి కైరో చేరింది. కాబట్టి కువైట్ నుంచి మన దిక్కు ఇండ్లకు ఆటల పెట్టెలు వచ్చి ఉంటే అంతకు ముందు వచ్చినవో, చాలా తరువాత వచ్చినవో అయి ఉంటాయి. ఒక వస్తువు ఎప్పటిదో తేల్చడానికి ఇటువంటి చరిత్ర కూడా పనికొస్తుంది.

ఇక హైదరాబాద్ సంగతి. మన దేశంలో కంప్యూటర్ తయారీ అంటే మొదట చెప్పుకోవలసిన పేర్లలో హైదరాబాద్ ఈసీఐఎల్ ఒకటి. మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు, మనందరికీ ఎ.ఎస్. రావు గారు, దాన్ని 1967లో నిలబెట్టారు. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ అక్కడ తయారైంది. ఆ సంస్థవారి ఈసీ టీవీలు ఎన్నో ఇండ్లలో ఉండేవి. ఆఫీసులకు, ప్రయోగశాలలకు కంప్యూటర్ మన దగ్గరే చేసుకోగలిగినా, పిల్లవాడు ఇంట్లో పెట్టుకుని ఆడుకునే చిన్న కంప్యూటర్ మాత్రం మొదట్లో బయటినుంచే రావలసి వచ్చింది. దిగుమతి సుంకం భారీగా ఉండటంతో విదేశానికి పోయివచ్చే మనిషి ఉన్న ఇంటికే అది చేరేది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల 1967లో హైదరాబాద్‌లో పుట్టారు. ఆయనకు పదిహేనేళ్లప్పుడు తండ్రి, ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ గారు, బ్యాంకాక్ నుంచి సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ తెచ్చిపెట్టారు. ఈ సంగతి నాదెళ్ల గారే 2017లో వచ్చిన తన పుస్తకం హిట్ రిఫ్రెష్‌లో చెప్పుకున్నారు. స్పెక్ట్రమ్ 1982 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో విడుదలైంది. రబ్బరు మీటలు, చిన్న నల్ల డబ్బా. 16 కిలోబైట్ల రకం 125 పౌండ్లు, 48 కిలోబైట్లది 175 పౌండ్లు. ఇప్పుడు ఫోన్లో తీసే ఒక్క ఫొటో దాని మొత్తం జ్ఞాపకశక్తికి ఎన్నో రెట్లు ఉంటుంది. దాని లోపల ఉన్న జెడ్80 అనే చిప్పే ఎంఎస్‌ఎక్స్ లోపల, అంటే కువైట్ సఖర్ లోపల కూడా ఉంది. జైలాగ్ కంపెనీ 1976లో తెచ్చిన ఆ చిప్‌ను దాదాపు 48 ఏళ్లు తయారుచేసి 2024లో ఆపేసింది.

స్పెక్ట్రమ్‌ను తరువాత పూనాలోని డెసిబెల్స్ సంస్థ డీబీ స్పెక్ట్రమ్ అనే పేరుతో మన దేశంలో అమ్మింది. ఇంకోవైపు కేంద్ర ప్రభుత్వం 1984లో క్లాస్ అనే పథకం పెట్టి దేశంలోని వందల బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఆ బీబీసీ మైక్రో మీదనే అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఎలీట్ అనే ఆట వచ్చింది. డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు విద్యార్థులు రాశారు. 32 కిలోబైట్ల మిషన్‌లో ఎనిమిది పాలపుంతలు, ఒక్కోదానిలో 256 గ్రహాలు పట్టించారు. గ్రహం నుంచి గ్రహానికి సరుకు మోసి లాభం తీసే వ్యాపారం ఆట. దాని పెట్టెలో ఆట ఒక్కటే రాదు. ఓడ నడపడం నేర్పే చేతిపుస్తకం, రాబర్ట్ హోల్డ్‌స్టాక్ రాసిన చిన్న నవల, మీటల పటం, గోడకంటించే బొమ్మ అన్నీ ఉంటాయి. ఇవన్నీ ఉన్న పెట్టెకు ఒక ధర, ఉత్త క్యాసెట్‌కు ఒక ధర. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

ఆ రోజుల్లో స్పెక్ట్రమ్ లాంటి కంప్యూటర్లకు ఆట అంటే మనం పాటలు వినే మామూలు ఆడియో క్యాసెట్టే. టేప్‌రికార్డర్‌ను కంప్యూటర్‌కు తగిలించి ప్లే నొక్కితే కీచుమనే చప్పుడు నాలుగైదు నిమిషాలు వచ్చేది. ఆ చప్పుడే ప్రోగ్రామ్. మధ్యలో టేపు కాస్త జారితే మళ్లీ మొదటికి. చప్పుడే ఆటైనప్పుడు దాన్ని రేడియోలో కూడా పంపవచ్చు కదా? పంపారు. 1983లో యుగోస్లావియాలో రేడియో బెల్‌గ్రేడ్ 202 కేంద్రం నుంచి జోరాన్ మోడ్లి అనే వ్యాఖ్యాత తన వెంటిలేటర్ 202 కార్యక్రమంలో కంప్యూటర్ ప్రోగ్రాములను ప్రసారం చేశాడు. శ్రోతలు టేపులు సిద్ధంగా పెట్టుకుని రికార్డు చేసుకుని, తరువాత తమ కంప్యూటర్లలో ఎక్కించుకున్నారు. హాలండ్‌లోనూ రేడియో ఇటువంటి పని చేసింది. ఆకాశవాణి మైకు ముందు కూర్చుని ఈ మాట చెప్తున్నందుకు నాకు కొంచెం గర్వంగానే ఉంది.

మన పల్లెల్లో ఎక్కువగా కనిపించినవి మాత్రం కంప్యూటర్లు కావు. నింటెండో 1983 జూలైలో జపాన్‌లో ఫామికామ్ అనే ఆటల మిషన్ తెచ్చింది. దాన్ని చూసి తైవాన్, చైనా, హాంకాంగ్ కార్ఖానాలు నకళ్లు తీశాయి. మన దుకాణాల్లో మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో దొరికినవి ఆ కోవలోవే. కొన్నిటికి కంప్యూటర్‌లా కీబోర్డు కూడా పెట్టి, పిల్లలకు టైపింగ్ వస్తుందని తల్లిదండ్రులకు ఆశ చూపి అమ్మారు. టీవీ వెనక యాంటెన్నా వైరు పీకి దీని వైరు పెట్టడం, ఛానల్ తిప్పి తిప్పి బొమ్మ పట్టడం, వాడలో పిల్లలంతా ఒక్క ఇంట్లో చేరడం చాలామందికి జ్ఞాపకముంటుంది. మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, బాతుల ఆట, కార్ల ఆట. ట్యాంకుల ఆట అసలు పేరు బ్యాటిల్ సిటీ, 1985లో నామ్కో కంపెనీ తెచ్చింది. సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం ఆట 40 కిలోబైట్లు. క్యాసెట్ మీద 9999 ఆటలు అని రాసి ఉంటుంది. తెరిస్తే అసలైన ఆటలు పదో ఇరవయ్యో, మిగతావన్నీ వాటినే రెండో మెట్టు నుంచి, మూడో మెట్టు నుంచి మొదలుపెట్టేవి.

ఇప్పుడు వెల సంగతికి వద్దాం.

2021 జూలైలో అమెరికాలో హెరిటేజ్ అనే వేలం సంస్థ దగ్గర సూపర్ మారియో 64 ఆట ఒకటి 15 లక్షల 60 వేల డాలర్లకు పోయింది. మన డబ్బులో 11 కోట్లకు పైనే. దానికి రెండు రోజుల ముందు లెజెండ్ ఆఫ్ జెల్డా 8 లక్షల 70 వేల డాలర్లు పలికింది. ఈ వార్త మన పేపర్లలో, ఫోన్లలో తిరిగినప్పుడు అటకలు ఎక్కినవాళ్లు చాలామందే ఉంటారు. అయితే ఒక్క సంగతి గమనించండి. మారియో 64 అరుదైన ఆట కానే కాదు. ప్రపంచంలో కోటికి పైగా అమ్ముడుపోయింది. అంత ధర పలికిన ఆ ఒక్క పెట్టె ఎన్నడూ విప్పనిది. దానికి గ్రేడింగ్ సంస్థ పదికి 9.8 మార్కులు వేసి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించింది. అంటే కొన్నవాడు ఆ ఆట ఆడడు, ఆడితే 11 కోట్లు పోతాయి. మరుసటి ఏడాది, 2022లో, గ్రేడింగ్ సంస్థ ధరలను కావాలని పెంచిందని ఆరోపిస్తూ కాలిఫోర్నియాలో దావా కూడా పడింది. అందుకని 2021 నాటి వేలం ధరలను చూసి మన అటక మీది పెట్టెకు లెక్కలు వేసుకోకూడదు.

మరి వెల ఎలా కడతారు? నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కుప్ప ముందు ఖరీదుదారు ఏం చేస్తాడో మనకు తెలుసు. కొమ్ము వేరు, మండ వేరు చూస్తాడు. ఒక కొమ్ము తీసి విరిచి లోపలి రంగు చూస్తాడు. తడి ఎంతుందో చూస్తాడు. మెరుగు పట్టించిందా లేదా చూస్తాడు. ఆ తరువాతే నోరు విప్పుతాడు. పాత ఆటలు కొనేవాడూ ఇంచుమించు అదే వరసలో పోతాడు.

మొదట చూసేది సామగ్రి పూర్తిగా ఉందా అని. ఉత్త క్యాసెట్ ఒకటి; పెట్టె, చేతిపుస్తకం అన్నీ ఉన్నది రెండోది; విప్పనిది మూడోది, ఇలా మూడు తరగతులు. మొదటిదానికీ రెండోదానికీ మధ్యనే ధర రెట్లలో మారుతుంది. ఎందుకంటే ఆట నిలుస్తుంది, అట్టపెట్టె నిలవదు. పిల్లలు మొదటి రోజే చించేస్తారు. ఇన్ఫోకామ్ అనే అమెరికా కంపెనీ తన ఆటల పెట్టెల్లో పోలీసు నివేదికలు, మాత్రలు, దూది ఉండలు, నల్లకళ్లద్దాలు కూడా పెట్టేది. నలభై ఏళ్ల తరువాత ఆ దూది ఉండ ఉన్న పెట్టె కోసం జనం వెతుకుతారు.

రెండోది అసలుదేనా అని. 1979లో రిచర్డ్ గారియట్ అనే కుర్రాడు రాసిన అకలబెత్ ఆట మొదటి ప్రతులు మామూలు ప్లాస్టిక్ సంచీలో, జిరాక్స్ కాగితంతో అమ్ముడుపోయాయి. 1980లో వచ్చిన మిస్టరీ హౌస్ కూడా అటువంటిదే. సంచి, కాగితం, ఫ్లాపీ, ఇంతేనంటే నకలు చేయడం ఎంతసేపు? 2022లో సరిగ్గా ఇటువంటి పాత ఆటల నకిలీలు ఏళ్ల తరబడి చేతులు మారాయని సేకర్తల మధ్య పెద్ద కలకలం రేగింది. వేల డాలర్లు పోసి కొన్నవాళ్లు ఫ్లాపీ చెడిపోతుందేమోనన్న భయంతో దాన్ని ఏనాడూ కంప్యూటర్‌లో పెట్టి చూడలేదు. తీరా పెట్టి చూస్తే కొన్నిటిలో ఏమీ లేదని చెప్పారు. విరిచి చూడకుండా కుప్ప కొన్నవాడికి పట్టే గతే ఇది.

మూడోది పనిచేస్తుందా అని. నాలుగోది అడిగేవాడున్నాడా అని. ఇది అన్నిటికంటే గట్టిది. అరుదైనదంతా ఖరీదైనది కాదు. ఎవరూ వినని ఆట ప్రపంచంలో ఒక్కటే మిగిలినా ఎవరూ అడగకపోతే దానికి వెల లేదు. చిన్నప్పుడు ఆడినవాళ్లు నలభై ఏళ్లకు వచ్చి, చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు వాళ్ల చిన్ననాటి మిషన్‌కు గిరాకీ వస్తుంది. ఇంటర్నెట్‌లో ఎవరో లక్ష అడుగుతున్నారని చూసి లక్ష అనుకోవద్దు. అడిగిన ధర ఎవరైనా అడగవచ్చు, అమ్ముడుపోయిన ధర ఎంతో చూడాలి.

ఈ లెక్కన మన ఇండ్లలోని నకలు మిషన్లకు, 9999 ఆటల క్యాసెట్లకు ఏం వస్తుంది? ఉన్నమాట చెప్పాలంటే పెద్దగా రాదు. లక్షల సంఖ్యలో తయారయ్యాయి, పెట్టెలు లేవు, చేతిపుస్తకాలు లేవు, లోపల నల్లటి బొట్టు కింద పేరులేని చిప్ ఉంటుంది. హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్‌లోనో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. అదే గల్ఫ్ నుంచి వచ్చిన పెట్టెలో ఎంఎస్‌ఎక్స్ అన్న గుర్తు ఉంటే, అరబ్బీ మీటలుంటే, కొనామి అనే ఆటల కంపెనీ పేరున్న అసలు క్యాసెట్ ఉంటే ఆగి చూడండి. ఆ కంపెనీవారి మెటల్ గేర్ అనే ప్రఖ్యాత ఆట మొట్టమొదట 1987లో వచ్చింది ఎంఎస్‌ఎక్స్2 కంప్యూటర్ మీదనే. రబ్బరు మీటల స్పెక్ట్రమ్, బడి స్టోర్ రూమ్‌లో మూలకు పడ్డ బీబీసీ మైక్రో, పూనా డీబీ స్పెక్ట్రమ్ కూడా బండికి వేయదగ్గవి కావు.

ఇక్కడ మీకు ఒక చెత్తకుప్ప కథ చెప్తాను. 1982లో అటారీ కంపెనీ ఈ.టీ. సినిమా పేరుతో ఒక ఆట తెచ్చింది. అది ఘోరంగా దెబ్బతిన్నది. మిగిలిపోయిన సరుకును 1983లో న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో అనే చిన్న ఊరి చెత్తగుంటలో పూడ్చేశారు. ముప్పై ఏళ్లు జనం అది కట్టుకథ అన్నారు. 2014 ఏప్రిల్‌లో తవ్వితే క్యాసెట్లు బయటపడ్డాయి. నలిగి, మట్టి కొట్టుకుని, వాసన వేస్తూ ఉన్నాయి. ఈ.టీ. క్యాసెట్ శుభ్రమైనది ఎక్కడైనా కొన్ని డాలర్లకు దొరుకుతుంది. గుంటలోంచి తీసిన మురికిది మాత్రం ఒక్కటి 1,500 డాలర్లు దాటింది. ఆ ఊరికి మొత్తం లక్ష డాలర్లకు పైగా వచ్చాయి. ఒకటి స్మిత్సోనియన్ మ్యూజియంలో చేరింది. కారణం ఏమిటంటే, ప్రతి క్యాసెట్‌తో పాటు ఇది ఫలానా గుంటలోంచి ఫలానా రోజున తీసిందని ఊరి పాలకవర్గం కాగితం ఇచ్చింది. వస్తువుకంటే ఆ కాగితానికే ఎక్కువ వెల పలికింది.

మనం నేర్చుకోవలసింది ఇదే. గల్ఫ్ నుంచి కమ్మర్‌పల్లికి, బాల్కొండకు, మోర్తాడుకు, మెట్‌పల్లికి వచ్చిన పెట్టెల్లో ఉన్న సరుకు ప్రపంచంలో ఎక్కడైనా దొరికేదే. ఆ సరుకు ఈ ఊరికి ఎలా వచ్చిందన్న కథ మాత్రం ఇక్కడ తప్ప ఎక్కడా దొరకదు. ఎవరు తెచ్చారు, ఏ ఊళ్లో పనిచేసి తెచ్చారు, ఎన్ని నెలల జీతంలోంచి కొన్నారు, ఇంట్లో మొదట ఏ టీవీకి పెట్టారు, ఎవరెవరు వచ్చి ఆడారు, ఈ ముక్కలు చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు డెబ్బైల్లో ఉన్నారు. మిషన్‌ను రేపైనా బాగుచేయించవచ్చు, వాళ్లను అడగడం మాత్రం ఇప్పుడే జరగాలి. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం చేసింది. అక్కడ 2010కి ముందు విడుదలైన ఆటల్లో నూటికి 87 ఇప్పుడు మామూలుగా కొనుక్కోవడానికి దొరకవని తేలింది. లెక్కలు రాసుకునే దేశంలోనే పరిస్థితి అది. మన దగ్గర ఏ ఆటలు ఏ పేరుతో అమ్మారో రాసినవాళ్లే తక్కువ.

సరే, దాచాలనుకున్నవాళ్లకు నాలుగు జాగ్రత్తలు.

మొట్టమొదటిది కరెంటు. పెట్టె దొరికిందన్న సంబరంలో ప్లగ్గు పెట్టేయవద్దు. సౌదీలో అప్పట్లో ఇండ్లకు 127 వోల్టుల కరెంటు ఉండేది. జపాన్‌లో 100 వోల్టులు. మన దగ్గర 230. అడాప్టర్ వెనక చిన్న అక్షరాల్లో ఎన్ని వోల్టులో రాసి ఉంటుంది. అది చదవకుండా పెడితే నలభై ఏళ్లు దాగిన మిషన్ ఒక్క క్షణంలో కాలిపోతుంది. అక్షరాలు చెరిగిపోతే టీవీ మెకానిక్ చేత చూపించండి.

రెండోది క్యాసెట్. పెట్టే ముందు ఉఫ్ అని ఊదడం మనందరి అలవాటు. ఊపిరిలోని తడి రాగి పట్టీలను తుప్పు పట్టిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవండి, ఆరనిచ్చి పెట్టండి. లోపల బిళ్ల బ్యాటరీ ఉన్న క్యాసెట్లు కొన్ని ఉంటాయి. అది కారితే బోర్డును తినేస్తుంది.

మూడోది టేపులు, ఫ్లాపీలు. వానాకాలం తేమకు టేపు మీద తెల్లగా బూజు పడుతుంది. బూజు పట్టినదాన్ని ప్లేయర్‌లో పెడితే ప్లేయర్ కూడా పాడవుతుంది. రేకుల కింద అటక ఎండాకాలంలో పొయ్యిలా కాగుతుంది కాబట్టి టేపులను కిందికి దించి, చల్లగా పొడిగా ఉండే బీరువాలో నిలువుగా పెట్టండి. అయస్కాంతమున్న స్పీకర్ల పక్కన పెట్టవద్దు. చదవగలిగినప్పుడే కంప్యూటర్‌లోకి ఒక నకలు తీసిపెట్టుకోవాలి.

నాలుగోది పాత టీవీ. బాతుల ఆట తుపాకీ మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును పట్టుకుంటుంది. ఇది వెనక బొజ్జ ఉన్న పాత పిక్చర్ ట్యూబ్ టీవీ మీదనే కుదురుతుంది. ఇప్పటి సన్న టీవీ మీద ఎంత గురిపెట్టినా బాతు పడదు. తుపాకీ దాచినవాళ్లు పాత టీవీ కూడా ఒకటి దాచాలి. ప్లాస్టిక్ పచ్చబడితే రసాయనాలు పూసి తెల్లగా చేసే పద్ధతులున్నాయి కానీ, తొందరపడి పూస్తే మచ్చలు తేలతాయి. పచ్చగా ఉంటేనేం, వయసును దాచాల్సిన పనేముంది.

అమ్మాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఫోన్లో ఫొటో చూసి అడ్వాన్సు పంపుతామనేవాళ్లను, ఓటీపీ చెప్పమనేవాళ్లను నమ్మవద్దు. కొనేవాడిని ఇంటికి రమ్మనండి, మిషన్ నడిపి చూపించండి, చేతికి డబ్బు అందాక ఇవ్వండి. ఎంత చెప్పాలో తెలియకపోతే తొందర ఏమీ లేదు. ఇన్నాళ్లు అటక మీద ఉన్నది ఇంకో ఆరు నెలలు ఉంటుంది.

చివరగా నేను అడిగేది ఒక పూట పని. పెట్టె దించినప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని అయిదు సంగతులు రాయండి. తెచ్చినవారి పేరు, ఏ దేశం ఏ పట్నం నుంచి తెచ్చారో, ఏ సంవత్సరమో, ఎంత పెట్టి కొన్నారో, ఇంట్లో ఎవరెవరు ఆడారో. తెచ్చిన పెద్దాయన ఉంటే ఆయన గొంతుతోనే ఫోన్లో రికార్డు చేయండి. ఆయన విదేశంలో ఉన్నప్పటి పాస్‌పోర్టు ముద్ర పుట, కస్టమ్స్ రశీదు దొరికితే వాటి జిరాక్స్ కూడా పెట్టండి. ఆ కాగితాన్ని పెట్టె లోపల ఉంచి మూత వేయండి. బడిపంతుళ్లు ఎవరైనా వింటుంటే, మీ పిల్లలకు దీన్ని ఇంటిపనిగా ఇవ్వవచ్చు. ఒక మండలంలో ముప్పై ఇండ్ల కాగితాలు కలిస్తే కంప్యూటర్ ఆటలు తెలుగు పల్లెకు ఎలా వచ్చాయో చెప్పే పుస్తకం తయారవుతుంది. ఆ పుస్తకం రాయగలిగే సరుకు ఇప్పటికి మన అటకల మీదనే ఉంది, దానికి వేలం సంస్థ మార్కులు వేయనవసరం లేదు.